పాలడబ్బుల బావ

పెద్దకార్యం భోజనాల దగ్గర పక్క విస్తరి ఆయన అన్నాడు కదా, “మహానుభావుడు, ఒకళ్ళ సొమ్ముకి ఆశపడ్డ మనిషి కాడు” అని. నాకు పొలమారింది. మా ఆయన వీపు మీద తట్టి మంచినీళ్ళ గ్లాసు చేతికిచ్చాడు. పప్పు కారమైందనుకున్నారు అందరూ.

మా ఊళ్ళో మనిషి పోయిన మర్నాటి నుంచి దేవుడైపోతాడు. మా బావకి కూడా ఆ ప్రమోషన్ వచ్చేసింది. పోయినవాళ్ళని అనకూడదంటారు గానీ, ఆయన బతికున్నప్పుడు మొహం మీద అనని మాట నేను ఒక్కటీ దాచుకోలేదు. కాబట్టి కొత్తగా అంటుకునే పాపం కూడా ఏమీ లేదు.

బావ అంటే మా అక్క మొగుడు. నందిగాం వైపు నుంచి ఉద్దానంలోని మా ఊరికి, మా అమ్మ ఇంటికి, ఇల్లరికం వచ్చాడు. నన్ను ఆ ఊళ్ళోనే, ఆ వీధిలోనే రెండిళ్ళ అవతల ఇచ్చారు. అంచేత ఆ మనిషి దగ్గు వినబడని రోజు లేకుండా బతికాను. సన్నగా, పొడుగ్గా, జేబున్న బనీనుతో అరుగు మీద కూర్చుని ఉండేవాడు. ఏ వస్తువు చేతికిచ్చినా ముందు బొటనవేలితో నలిపేవాడు, తర్వాత వాసన చూసేవాడు, ఆ తర్వాత పెదవి విరిచేవాడు. జీడిపప్పయినా అంతే, బియ్యమయినా అంతే, పెళ్ళిలో పెట్టిన పంచె అయినా అంతే. సముద్రం ఒడ్డు నుంచి చేపల గంప ఎత్తుకొచ్చే ముసలమ్మ ఒకసారి విసిగిపోయి, “బాబూ, ఎంత సేపు వాసన సూసినా సేప నీతో మాటాడదు. కొంతావా, నేదా?” అని గంప ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆమె సందు దాటేదాకా బేరం ఆడుతూనే ఉన్నాడు.

పలాసలో ఒక జీడిపిక్కల కంపెనీలో ఆరునెలలు పనిచేశాడు. ఆ ఆరునెలల గురించి ఆరేళ్ళు చెప్పాడు. ఇల్లు గడిచింది మా అక్క మీద. తను టెక్కలిలో ఒక ఆసుపత్రిలో నర్సు. తెల్లారగట్ల బస్సెక్కి వెళ్ళి, దీపాల వేళకి తిరిగొచ్చేది. ఆయనకి మాత్రం పని లేదనుకుంటే పొరపాటు. గవర్నమెంటు ఎక్కడ ఏమిస్తుందో వెతకడమే ఆయన పని. తెల్ల కార్డు, గ్యాసు పొయ్యి, పింఛను, విత్తనాల రాయితీ, ఏదొచ్చినా మండలాఫీసు మెట్ల మీద మొదట కనబడేది ఆయన బనీనే.

“అడగందే అమ్మయినా పెట్టదు మరదలా. గవర్నమెంటు మనకేటి అమ్మా?” అనేవాడు.

ఒక తుఫాను తర్వాత పడిపోయిన కొబ్బరిచెట్లకి సాయం ఇస్తామన్నారు. మా పెరట్లో పడినవి రెండే. బావ నాలుగని చెప్పాడు. చూడ్డానికి వచ్చిన ఆఫీసరు నిక్షేపంగా నిలబడి ఉన్న చెట్టుకి చెయ్యి ఆనించి, “ఇదేనా పడిపోయింది?” అన్నాడు. బావ తడుముకోలేదు. “పడిందండి. మళ్ళీ లెగిసిందండి” అన్నాడు. ఆఫీసరు నవ్వాపుకోలేక జీపెక్కేశాడు. మేం మాత్రం నెల్లాళ్ళు వీధిలో తలెత్తుకోలేకపోయాం.

“ఇలాంటి మనిషికి కూతుర్నిచ్చాను” అని మా అమ్మ గోడకేసి తల కొట్టుకునేది. నేను ఆయనతో ఒక పిల్లని బేరం చేశాను. ఆ కథ చెప్పాలి.

అక్కకి మొదటి ఇద్దరు పిల్లలూ దక్కలేదు. ఒకడు పురిట్లోనే పోయాడు. రెండోది పేరు పెట్టిన వారానికి పోయింది. మూడో కాన్పులో ఆడపిల్ల పుట్టింది. మా వైపు ఇలాంటి పిల్లని ఇంట్లో ఉంచుకోరు, అమ్మేస్తారు. నిజంగా కాదులెండి. బిడ్డని చాటలో పడుకోబెట్టి గుమ్మం దగ్గర పెడతారు. వేరే ఇంటి మనిషి చాటెడు తవుడు ఇచ్చి కొనుక్కుంటుంది. ఆ ఇంట్లో పిల్ల పుట్టిందని విని చావు వెతుక్కుంటూ వస్తే, అక్కడ వాళ్ళ పిల్ల ఉండదు. పక్కింటి పిల్ల ఉంటుంది. తవిటమ్మలు, తవిటినాయుళ్ళు మా జిల్లాలో వీధికొకరున్నారంటే ఇందుకే. పెళ్ళినాడు చాటెడు బియ్యం పోసి విడిపించుకునేదాకా ఆ పిల్ల కొన్నవాళ్ళదే. కొన్నామెనే అమ్మా అనాలి. కన్నవాళ్ళని పెద్దమ్మా పెద్దనాన్నా అనాలి. పొరపాటున కూడా వేరే మాట రాకూడదు.

కొత్తగా పెళ్ళయిన నన్ను కొనమన్నారు. ఇంట్లో ఉన్న తవుడు చాటలో పోసుకుని వెళ్ళి గుమ్మం బయట నిలబడి, “పిల్లనమ్ముతారా?” అన్నాను. బావ “అమ్ముతాం” అనాలి. అంతే. రెండు మాటల పని.

ఆయన వంగి నా చాటలో చెయ్యి పెట్టాడు. గుప్పెడు తవుడు తీసి నలిపాడు. వాసన చూశాడు. పెదవి విరిచాడు.

“ఇందులో సగం ఊకే” అన్నాడు. “నా పిల్లకి ఇదా రేటు? నాను అమ్మను.”

నేను నవ్వాను, ఎగతాళి చేస్తున్నాడనుకుని. ఆయన నవ్వలేదు. మా అమ్మ గుమ్మంలోంచి బతిమాలింది. “బాబూ, ఊరికే అనాల్సిన మాట కదా, అవుననెయ్యి.”

“ఊరికే అయితే అమ్మడం ఏల, అత్తా? అమ్మకమంటే అమ్మకంలాగే ఉండాల. మిల్లుకెల్లి మేలు తవుడు తెమ్మను.”

చాటలో పసిగుడ్డు గుక్కపట్టి ఏడుస్తోంది. పచ్చి బాలింత గదిలోంచి “అదేటి మనిషివయ్యా” అని ఏడుస్తోంది. నేను మండుటెండలో మిల్లుకి పరిగెత్తి, కొత్త తవుడు పట్టించి తెచ్చాను. అదీ నలిపాడు, అదీ వాసన చూశాడు. “ఇప్పుడు బాగుంది. అట్టుకుపో. ఇంక మాకూ దానికీ ఏటీ నేదు” అన్నాడు. తవుడు తీసుకెళ్ళి గేదెకి కలిపాడు. దాని గంగాళం దగ్గరే నిలబడి అది తాగుతుంటే చూశాడు. పసిబిడ్డ మీద కూడా బేరమాడిన మనిషని చాలా ఏళ్ళు ఊరంతా చెప్పుకున్నాను. నేను చెప్పకపోతే వాళ్ళకెలా తెలుస్తుంది?

పిల్లకి తవిటమ్మ అని పేరు పెట్టాం. పాలకి వాళ్ళమ్మ దగ్గరికి తీసుకెళ్ళడం, మిగతా వేళంతా నా ఒళ్ళో ఉంచుకోవడం. అక్క దొంగచాటుగా “నా తల్లీ” అని ముద్దులాడేది. బావ మాత్రం నిజంగానే చేతులు కడిగేసుకున్నాడు. నా దగ్గరున్న అన్ని రోజుల్లో ఒక్కసారి ఎత్తుకోలేదు. పిల్లకి జ్వరమొస్తే మా గుమ్మం ఎక్కేవాడు కాదు. వీధిలో నిలబడి, ఊరికంతటికీ వినిపించేలా, “ఓలే మరదలా, మీ గుంటకెలాగుందే?” అని అరిచేవాడు.

“ఎలాగుంటే నీకేటి బావా, అమ్మీసుకున్నావు కదా!”

“అవును మరి. మీ గుంట, నువ్వే సూసుకోవాల” అనేవాడు. వెళ్ళేవాడు కాదు, గంటసేపు అక్కడే కొబ్బరిచెట్టుకి ఆనుకుని బీడీ కాల్చేవాడు. నీడ కోసం అనుకునేదాన్ని.

పిల్లకి మూడో ఏడు నడుస్తుండగా అక్కకి ఐర్లాండులో ఉద్యోగం వచ్చింది. ఆ రోజుల్లో నర్సుల కోసం ఏజెంట్లు విశాఖపట్నం దాకా వచ్చి తీసుకెళ్ళేవారు. ఏడాది తిరిగాక భార్య సంపాదన తినడానికి బావ కూడా విమానమెక్కాడు. పిల్ల నా దగ్గరే ఉండిపోయింది. నాకు పిల్లల్లేరు. ఆ తర్వాత కూడా కలగలేదు. నన్ను అమ్మా అని పిలిచిన నోరు అదొక్కటే. ఆ మాట తవుడుకి కొన్నదని నాకు తెలుసు. తెలిసినా రోజూ ఆనందంగానే ఉండేది.

కొబ్బరికాయల షావుకారింట్లో ఫోనుండేది. ఆదివారాలు బావ చేసేవాడు. అక్క ఫోను తీసుకుంటే ఏడుపే. బావ తీసుకుంటే గవర్నమెంటే. ఆ దేశంలో పిల్లలున్న ప్రతి ఇంటికీ గవర్నమెంటు నెలనెలా డబ్బులిస్తుందట. పదహారేళ్ళు వచ్చేదాకా ఇస్తుందట. అదీ తల్లి పేరునే ఇస్తుందట. నెలలో మొదటి మంగళవారం పడతాయట.

“మంగళారం లచ్చిందేవిని బయటికి పంపకూడదని ఆళ్ళకి తెల్దే మరదలా. మనకి మంచిదే అనుకో” అని నవ్వేవాడు. దానికి పాలడబ్బులు అని పేరు పెట్టింది ఆయనే. మడుగు చూసిన కొంగ మాట్లాడగలిగితే అలాగే మాట్లాడుతుంది.

ఒక ఏప్రిల్ నెలలో చెప్పాపెట్టకుండా దిగాడు. నేను వాకిట్లో జీడిపిక్కలు ఎండబెడుతున్నాను. మందపాటి కోటు చేతి మీద వేసుకుని చెమటలు కక్కుతూ వచ్చాడు. వంగి ఒక పిక్క తీసి వాసన చూశాడు.

“పిల్లని తీసుకెల్తాను” అన్నాడు.

“ఇప్పుడు గుర్తొచ్చిందా?”

“ఆడుంటేనే ఇత్తారు మరదలా. పిల్ల ఆ దేశంలో ఉండాల, అది రూలు. ఈడుంటే ఒట్టినే తింటాది.”

చేతిలో చాట అక్కడే పడేశాను. “పాలడబ్బుల కోసం పిల్లనట్టుకుపోతావా బావా? తవుడుకి అమ్మి పాలకి కొంతన్నావా?”

“యాపారమంటే అదే మరి” అని పళ్ళు బయటపెట్టాడు.

అక్క రాత్రీపగలూ పిల్ల కోసం ఏడుస్తోందని ఒక్క మాట అని ఉంటే నేనే పిల్ల చెయ్యి తీసి ఆయన చేతిలో పెట్టేదాన్ని. అనలేదు. రూలే చెప్పాడు. అయినా ఇచ్చాను, ఇవ్వక ఏం చేస్తాను? కన్నతల్లి అక్కడుంది. పలాస స్టేషన్లో పిల్ల నా కొంగు చుట్టుకుని, “అమ్మా, పెద్దనాన్నతో నానెల్లను” అని గోల పెట్టింది. ఆయన అటు తిరిగి వేరుశనక్కాయల వాడితో బేరమాడుతున్నాడు. రైలు కదిలేదాకా ఇటు తిరగలేదు. ఆ రాత్రి ఆయన్ని తిట్టని తిట్టు లేదు.

తర్వాత ఆయన సెలవులకి వచ్చినప్పుడల్లా ఊరికి వేడుక. వేలికి ఉంగరం కనబడితే “పాలడబ్బులే” అనేవాడు. మా అమ్మ గదికి ఫ్యాను బిగిస్తే “పాలడబ్బులే.” కుర్రాళ్ళు చుట్టూ మూగి, “నలుగుర్ని కనీయాల్సింది మావా, పని సెయ్యకుండా బతికీసుందువు” అనేవారు. ఇప్పుడు మాత్రం ఏం చేస్తున్నాడని నేను లోపల్నుంచి అరిచేదాన్ని. ఆయనకి కోపం రాదు. నేను తిడుతుంటే తలూపుతూ వినేవాడు, ఇంకో రవ్వంత వడ్డించమన్నట్టు. పాలడబ్బుల మావ అనే పేరు కాశీబుగ్గ బస్టాండు దాకా పాకింది. ఆ పేరుతో పిలిస్తే పలికేవాడు కూడా.

రెండేళ్ళ కిందట చలి పడటం లేదని వచ్చేసి మళ్ళీ అరుగెక్కాడు. చలి కాదు. మా ఉద్దానంలో ఇంటింటికీ వచ్చే ఆ మూత్రపిండాల జబ్బే. చెప్పుకోలేదు. కాళ్ళు వాచినా, మొహం ఉబ్బినా, ఎవరికో పింఛను ఎలా అడగాలో చెబుతూనే ఉన్నాడు. ఆఖర్న అక్కకి కబురు పెట్టాం. అక్కా, పన్నెండేళ్ళ తవిటమ్మా వచ్చారు. వచ్చిన వారానికి, పట్టపగలు, కాఫీ గ్లాసు వాసన చూసి పక్కన పెట్టి, పోయాడు.

ఆయన అన్న పారాదీప్ నుంచి రావాలి. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టి ఎదురు చూస్తున్నాం. అక్క వంటింట్లో గోడకానుకుని కూర్చుంది. పక్కన కూర్చున్న నా నోరు ఊరుకోలేదు.

“ఇంక పాలడబ్బులు ఆపీత్తారా, లేపోతే నీ పేరునే కదా, వత్తాయా?” అన్నాను.

అక్క నా మొహంలోకి చూసింది. “ఏ పాలడబ్బులే?”

“ఊరంతటికీ తెలిసినవే.”

“ఒక్క రూపాయి ఎప్పుడూ రాలేదు” అంది అక్క. “ఉంగరమూ, ఫ్యానూ నా నైట్ డ్యూటీలే. ఆయన అలగ సెప్పుకుంటంటే పోనీలే అనుకున్నాను.”

నాకు అర్థం కాలేదు. అక్క చెప్పింది. పిల్ల వెళ్ళిన నెలకి పాలడబ్బులకి అర్జీ పెట్టారట. ఇంత ఆలస్యంగా వచ్చిన పిల్ల కాబట్టి ముగ్గుర్నీ ఆఫీసుకి రమ్మన్నారట. బావ రూల్సన్నీ కంఠతా పట్టాడు. కాయితాలన్నీ వరుసగా పెట్టుకున్నాడు. బల్లకి అవతల ఒక పెద్దావిడ, నవ్వు మొహం. అన్నీ చూసింది. ఊరికే, మాట వరసకి, పిల్లని చూపించి, “ఈ పాప మీ కూతురే కదా?” అని బావనడిగింది.

“ఆ మాత్రం ఇంగ్లీసు ఆయనకొచ్చు” అంది అక్క. “పిల్లకేసి సూసినాడు. మొహం తుడుసుకున్నాడు. నో అన్నాడు.”

“నో అన్నాడా?”

“నాను కాలు తొక్కినాను. ఆవిడ అర్థం కాలేదనుకుని మళ్ళీ అడిగింది. మళ్ళీ నో. సిస్టర్ ఇన్ లా డాటర్, వి సోల్డ్, అన్నాడు. సోల్డ్ అన్నాడే! ఆవిడ పెన్ను కింద పెట్టీసింది. ఇంకో ఆఫీసర్ని పిలిసింది. పిల్లనమ్ముకున్నోళ్ళం అయిపోనాం. తర్వాత ఇంటికొచ్చినారు, పిల్ల పడుకునే మంచం సూసినారు, నన్ను పక్కకి పిలిసి అడిగినారు. ఆళ్ళ తప్పేటుంది, అడగాల్సిందే కదా. పుట్టిన కాయితం సూపించి, తవుడు సంగతి సెప్పి, ఆసుపత్రోళ్ళ సేత సెప్పించి, పిల్ల మాదేనని ఒప్పించేసరికి నా పేనం పోయింది.”

“అప్పుడిత్తామన్నారు కదా మరి?”

“ఇత్తామన్నారు. కాదన్నది ఆయనే కాబట్టి ఆయనే సంతకం పెట్టాల, నా కూతురని. పెట్టనన్నాడు. ఇద్దరు పోనారు, దీన్ని నా నోటితోటి ఇయ్యను అన్నాడు. ఆ కాయితం నానే సింపీసినాను.”

వంటింట్లో పొయ్యి వెలిగించలేదు, చల్లగా ఉంది. నాకు మొట్టమొదట వచ్చింది జాలి కాదు, కోపం. ఎంత మూర్ఖుడండీ! చావుకి ఇంగ్లీషు వచ్చనుకున్నాడు. సముద్రాలు దాటి, వీసా లేకుండా, ఆ ఆఫీసులో బల్ల కింద కూర్చుని వింటుందనుకున్నాడు. నిలబడ్డ చెట్టుని పడిపోయిందని చెప్పగలిగినవాడికి, కన్న కూతుర్ని కూతురని చెప్పడానికి నోరు రాలేదు. నాతో తిట్టించుకోవడం, ఊరంతటితో నవ్వించుకోవడం, ఇవన్నీ కూడా ఆ అమ్మకం నిజమని నమ్మించడానికేనా? చావు చెవిన పడేలా ఊరంతటికీ చాటింది నేనేగా! ఒక్కసారి నా చెవిలో చెప్పి ఉంటే ఆయన సొమ్మేం పోయేది? ఇప్పటికీ క్షమించలేదు నేను. కొబ్బరిచెట్టుకి ఆనుకుని గంటలకి గంటలు బీడీలు కాల్చింది నీడ కోసం కాదని, ఆ చెట్టుకి అంత నీడే ఉండదని, అప్పుడు తట్టింది నాకు. ఏడుపొచ్చింది. తిట్టుకుంటూనే ఏడ్చాను.

పారాదీప్ నుంచి అన్న వచ్చాడు. లేవదీసే వేళైంది. మా వైపు ఆడవాళ్ళు ఊరికే ఏడవరు. పోయినవాళ్ళు తమకేమవుతారో ఆ వరసతో పిలిచి, రాగం తీసి ఏడుస్తారు. అక్క ఏడ్చింది. మా అమ్మ అల్లుడా అని ఏడ్చింది. అందరూ తవిటమ్మకేసి చూశారు. జీన్సు ప్యాంటు మీద నా పాత ఓణీ చుట్టుకుని నిలబడి ఉంది పిల్ల. నా దగ్గరికొచ్చి మెల్లిగా అడిగింది.

“అమ్మా, నాను ఏటని పిలిసి ఏడవాల?”

ఇంగ్లీషు బళ్ళో ఏడేళ్ళు చదివినా ఆ అమ్మా అనే పిలుపూ పోలేదు, మా ఊరి మాటా పోలేదు. నేను ఆ పిల్లని కొన్నదాన్ని. వదులుకోవడానికి నాకు ఆ క్షణం పట్టింది.

“నాన్నా అని ఏడువమ్మా” అన్నాను.

వెనకనుంచి మా అమ్మ నా జబ్బ పట్టుకుని గుంజింది. “నోరుముయ్యే, దానికింకా పెళ్ళి కాలేదు” అని పళ్ళ మధ్య నుంచి అంది. నేను విడిపించుకున్నాను. “నాన్నా అనే ఏడువు” అన్నాను మళ్ళీ.

పిల్ల ఒకసారి నాకేసి చూసింది, ఒకసారి వాళ్ళ అమ్మకేసి చూసింది. వెళ్ళి ఆయన కాళ్ళ దగ్గర కూర్చుంది. ఆ పాదాల మీద తల పెట్టి, వీధి చివరిదాకా వినబడేంత గట్టిగా, “పెద్దనాన్నా” అని ఏడ్చింది.